నేను బ్రయర్ పైపును

వరంగల్ చౌరస్తా దగ్గర పాత సామాన్ల దుకాణంలో, అద్దాల బీరువా మధ్య అరలో ఉంటాను. పుట్టింది మాత్రం మధ్యధరా సముద్రం ఒడ్డు కొండల్లో. ఎరికా అర్బోరియా అనే పొదకు వేరుకూ కాండానికీ నడుమ గట్టి బుడిపె పెరుగుతుంది, అదే బ్రయర్. దాన్ని కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి, నెలల పాటు ఆరబెట్టి నన్ను పొగాకు పైపుగా చెక్కారు. అందుకే కడుపులో నిప్పు పెట్టుకున్నా తొందరగా మాడను.

1934లో మొదలైన ఆజంజాహి మిల్లులో పనిచేసిన ఓ ఇంజనీరు నన్ను ఈ ఊరికి తెచ్చుకున్నాడు. ములుగు అడవుల తునికాకుతో చుట్టిన బీడీల ఊళ్లో నాకు తోటివాళ్లు తక్కువే. ఆయన పోయాక ఇక్కడికి చేరాను.

నిన్న ముప్పై ఏళ్ల మనిషొకడు వచ్చాడు. “అన్నా, మొదటిసారి కొంటున్న. ఏది మంచిది?”

“గిది సూడు తమ్మీ, ఎట్ల మెరుస్తుందో!” అని దుకాణదారు నా పక్కనున్న ఎర్ర పైపు చూపించాడు.

ఆ మెరుపు మందపాటి వార్నిష్‌ది, వేడికి బొబ్బలు లేస్తుంది. చూడాల్సింది గొంతు. మూతి నుంచి సన్నటి పైప్ క్లీనర్ దూర్చితే ఎక్కడా తట్టుకోకుండా గిన్నె అడుగుకు రావాలి. గాలి రంధ్రం అడుగుకు పైన తేలితే కింది పొగాకు కాలదు, తడిసి ముద్దవుతుంది. గిన్నె గోడ పలచగా ఉంటే వేళ్లు కాలతాయి. పాత పైపైతే లోపలి మసిపొర కూడా చూడాలి. పలచగా ఉంటే కొయ్యకు రక్ష, మందంగా పేరుకుంటే వేడికి ఉబ్బి కొయ్యనే చీలుస్తుంది. నా ఎబొనైట్ మూతి ఎండకు పచ్చబారింది, అది రుద్దితే పోతుంది.

నాలో నింపే వర్జీనియా పొగాకు ప్రకాశం, గోదావరి జిల్లాల్లో పండుతుంది. రాజమండ్రిలో 1947లో పొగాకుకు కేంద్ర పరిశోధన సంస్థ మొదలైంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవాడికి మొదట చెప్పాల్సిన మాట వేరే ఉంది: పొగ లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు తప్పదు. నాకు నోరుంటే ఆ మాట వాడికి రెండుసార్లు చెప్పేదాన్ని.

అతను ఎర్రదాన్ని పక్కన పెట్టి, నన్ను వెలుతురుకు ఎత్తి గిన్నెలోకి చూశాడు. క్లీనర్ అడిగి, మెల్లగా దూర్చాడు. అడుగు దాకా వచ్చింది.

“ఒకసారి తాగితే ఒకరోజు ఆరనియ్యాలె తమ్మీ, రెండు తీస్కో.”

“ఇంకా తాగాల్నో వద్దో తేల్చుకోలే అన్నా. ముందు దీని ధర చెప్పు.”