కాంపోజిషన్

మా బావగారు ఏ పనైనా ఎక్సెల్ షీటులోనే మొదలుపెడతారు. మేనకోడలి బారసాల కూడా అలాగే జరిగింది. అందుకని, ఓ గైడుని మాట్లాడుకుని ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారిలో నడుస్తూ ఫోటోలు తీసుకొద్దామని ఆయనకి బుద్ధి పుట్టిన రాత్రికి రాత్రే షీటు సిద్ధమైపోయిందంటే నేనేమీ ఆశ్చర్యపోలేదు. లెన్సులకో పేజీ, బ్యాటరీలకో పేజీ, మందులకో పేజీ. చివరి పేజీ పేరు 'బామ్మర్ది'. తెరిచి చూస్తే అందులో నేను మోయాల్సిన సామాన్ల జాబితా ఉంది.

ఇంత హంగామా ఒక్క ఫోటో కోసం. ఎవరెస్ట్ ఫోటో.

"గూగుల్లో కొడితే బోలెడొస్తాయి కదండీ" అంది అక్క.

"అవి వాళ్ళ ఎవరెస్టులే. నాది కాదుగా!"

ఆ కొండ విషయంలో ఆయన పాండిత్యం తక్కువదేం కాదు. ఇంటికి టీ తాగడానికి వచ్చినవాళ్ళెవరూ అది వినకుండా బయటపడలేదు. జార్జి ఎవరెస్ట్ దొర 1818లో సర్వే అధికారి లాంబ్టన్ దగ్గర అసిస్టెంటుగా చేరింది మన హైదరాబాదులోనేనట. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరంతో మంచం పట్టాడట. "అంచేత ఆ కొండ మీద మనకి కాస్తో కూస్తో హక్కుంది" అనేవారు. అక్కణ్ణించి అసలు కథలోకి దిగేవారు. మైదానంలో నిలబడి హిమాలయాల్ని కొలిచిన సర్వేవాళ్ళు చాలాకాలం కాంచనగంగే అన్నిటికన్నా పెద్దదనుకున్నారు. ఎవరెస్ట్ వెనక వరసలో, దూరంగా ఉండేది. దానికి పేరైనా లేదు, పదిహేనో శిఖరమని ఓ నంబరు తప్ప. 1852లో రాధానాథ్ సిక్దర్ లెక్క కట్టాక గానీ దాని ఎత్తు లోకానికి తెలీలేదు, 1865లో గానీ దానికి దొరగారి పేరు పెట్టలేదు.

"ముందున్నదే పెద్దదనుకోవడం కంటికుండే జబ్బు. లెక్క తెలిసినవాడు దానికి లొంగడు" అని ముగించేవారు, బిస్కెట్టు టీలో ముంచుతూ.

వానలు వెనక్కి తగ్గి ఆకాశం తేటపడేది అక్టోబరు, నవంబరు నెలల్లో. పైగా రాత్రిపూట మంచుకొండల మీద వెన్నెల కావాలి. పంచాంగం తిరగేసి కార్తీక పౌర్ణమి ఖాయం చేశారు. ఇంట్లో మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించాల్సిన నాడు ఇంటాయన కొండల్లో తిరగడమేమిటని అక్క రెండ్రోజులు మాట్లాడలేదు. మాటలు కలిశాక ఉన్ని టోపీ ఒకటి అల్లి ఇచ్చింది.

గైడుది ఖుంబూ లోయే. కెమెరాలవాళ్ళని తిప్పడంలో పండినవాడు. వీడియో కాల్లో బావగారి షీటంతా ఓపిగ్గా చూశాడు. నామ్చే బజారులో విశ్రాంతి రోజు కొట్టేసి ఉండటం దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"అక్కడ సబ్జెక్టేమీ లేదు. రోజు దండగ" అన్నారు బావగారు.

"నామ్చే 3,440 మీటర్లు సార్. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి అయిదువందల మీటర్లకి మించి పెరక్కూడదు. ఒంటికి గాలి అలవాటవ్వాలి. ఆ రోజు తీసేస్తే మీరు వేరే గైడుని చూసుకోండి" అన్నాడు హిందీలో, అదే నవ్వుమొహంతో.

ఆ రోజు షీటులోకి తిరిగొచ్చింది. తర్వాత బరువుల పంచాయితీ. పోర్టరు వీపు మీద ముప్ఫై కిలోలకి మించి పెట్టనని గైడు పట్టుబట్టాడు. రెండో పోర్టరుని పెట్టుకుందామని నేనన్నాను. బావగారు కాసేపు ఆలోచించి, మిగులు బరువంతా 'బామ్మర్ది' పేజీలోకి మార్చారు.

గైడు చెప్పిన సంగతుల్లో బావగారు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నది ఒక్కటే. ఎవరెస్ట్‌ని దగ్గర్నుంచి చూడాలంటే కాలాపత్థర్ గుట్ట ఎక్కాలి. జనమంతా తెల్లవారుజామున టార్చీలు పెట్టుకుని ఎక్కుతారు గానీ, పొద్దున సూర్యుడు ఎవరెస్ట్ వెనకనించి వస్తాడు. మనవైపు ముఖమంతా నీడలోనే ఉంటుంది. ఎండ దాని ముఖాన పడేది సాయంత్రం. "ఇది నాకెప్పుడో తెలుసు" అని బావగారు షీటులో రాసుకున్నారు: కాలాపత్థర్, సూర్యాస్తమయం 4:50. దాని పక్కనే ఎర్రక్షరాల్లో: గైడు పని దారి చూపడం, ట్రైపాడ్ పట్టుకోవడం. కాంపోజిషన్ నేను.

ఆ షీటు ప్రతి ఒకటి గైడుకి కూడా పంపారు.

ఖాట్మండులో దిగగానే నా ఫోను గడియారం పావుగంట ముందుకి దూకింది. నేపాల్ టైము మనకన్నా పదిహేను నిమిషాలు ముందు.

"బావగారూ, షీటులో టైములన్నీ మీరు మన టైము ప్రకారం వేసినట్టున్నారు."

"పావుగంటలో కొండ ఎక్కడికీ పోదులేవోయ్."

సీజనులో లుక్లా విమానాలు చాలావరకు ఖాట్మండు నుంచి కాక మంథలీ అనే చిన్న ఊరినుంచి ఎగురుతాయి. నడిరాత్రి జీపెక్కి, ఒళ్ళు హూనమయ్యాక తెల్లారేసరికి అక్కడికి చేరాం. ఒక్కొక్కరికి పదిహేను కిలోల సామానే. తూకం దగ్గర మోసం జరగకూడదని వాళ్ళ పట్టుదల; ఎలాగైనా జరగాలని మా బావగారిది. కోటుకున్న ప్రతి జేబులోనూ ఓ లెన్సు కూరుకుని, చేతులు దించడానికి వీల్లేక అలాగే చాపుకుని విమానమెక్కారు. లుక్లా రన్‌వే 527 మీటర్లు, అదీ ఎగువకి వాలి ఉంటుంది, చివర కొండగోడ. దిగేటప్పుడు విమానంలో ఉన్నవాళ్ళందరూ ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. బావగారు మాత్రం, షట్టరు స్పీడు ఎంత పెట్టి ఉంటే బావుండేదో నన్నడిగారు.

నడక సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఎక్కువగా గుర్తున్నవి నా బూట్లే. నామ్చేలో ఆ 'దండగ' రోజున తలపట్టుకుని పడుకున్నది బావగారే. రాత్రుళ్ళు బ్యాటరీలన్నీ స్లీపింగ్ బ్యాగులో తనతో పడుకోబెట్టుకునేవారు. చలికి వాటి ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది. పైకి వెళ్ళేకొద్దీ లాడ్జీల్లో బ్యాటరీ ఛార్జింగుకి ఖరీదు పెరుగుతూ పోయింది, అన్నం పప్పు ఖరీదూ అంతే. బయటి చలిలోంచి పొయ్యి దగ్గరికి వస్తే లెన్సు మీద చెమ్మ పడుతుందనీ, ముందే కెమెరాని ప్లాస్టిక్ కవరులో బిగించి ఆపైన లోపలికి రమ్మనీ గైడు చెప్తే, ఎందుకో గానీ బావగారు విన్నారు. తెంగ్‌బోచే దగ్గర ఎదురుగా ఉన్న మంచుగోడ పైనుంచి తొంగిచూస్తున్న కాస్త కొనని గైడు వేలెత్తి చూపించి, అదే ఎవరెస్ట్ అన్నాడు. బావగారు ఓ చూపు చూసి, "ఇక్కడ గోడచాటున ఉంది. కాలాపత్థర్ మీద ఎదురుగా నిలబడుతుంది, అప్పుడు చెప్తాను దాని సంగతి" అని కెమెరాకి మూత పెట్టేశారు.

బేస్ క్యాంపుకి చేరాక ఆయనకి నిజంగా కోపమొచ్చింది. 5,364 మీటర్లు ఎక్కి వచ్చి, హిమానీనదం మీద రాళ్ళలో నిలబడి నలుదిక్కులా చూస్తే శిఖరం లేదు. పక్కనున్న కొండభుజం దాన్ని పూర్తిగా మూసేస్తుంది. అది ఎవరికైనా అంతే, కొత్త సంగతేం కాదు. షీటులో మాత్రం లేదు.

"ఎవరెస్ట్ బేస్ క్యాంపునుంచి ఎవరెస్ట్ కనబడదా! మన కాలనీలో లేక్ వ్యూ అపార్ట్‌మెంటు కూడా ఇంతేగా!"

మర్నాటి సాయంత్రం కాలాపత్థర్. గుట్టంటే గుట్టే గానీ దాని ఎత్తు అయిదున్నర వేల మీటర్లు దాటుతుంది, అక్కడి గాలిలో మన సముద్రమట్టానికి సగమే ప్రాణవాయువు. నాకు పొద్దుటినుంచే తలలో సుత్తులు. గోరక్‌షెప్ లాడ్జిలో పొయ్యి పక్కన వెల్లుల్లి సూపు పట్టుకు కూర్చున్నాను. బావగారు, గైడు ఇద్దరే వెళ్ళారు.

చీకటి పడ్డాక తలుపు తోసుకుని వచ్చారు. మీసాల మీద మంచు, మొహం వెలిగిపోతోంది.

"దొరికిందోయ్!"

కెమెరాకి కొత్త బ్యాటరీ వేసి చూపించారు. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది. ఫ్రేములో సగానికి పైగా ఆక్రమించి, బంగారుపూత పూసిన మహాశిఖరం.

"కానీ ఈ గైడుతో చచ్చాననుకో" అన్నారు తెలుగులో, అతనికి అర్థం కాదన్న ధైర్యంతో. "ఎడమవైపు ఇంకాస్త చోటు పెట్టండి సార్ అంటాడు. ఎడమవైపు ఏముంది? నాకు ఫ్రేమింగ్ నేర్పుతాడా? సరే, నాలుగూ యాభై అయింది, బ్యాటరీ పడిపోయింది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నేను సర్దుకుంటుంటే ఇంకో పావుగంట ఆగమని గొడవ. తీయాల్సింది తీసేశాక ఆగి ఏంచెయ్యను, చలి కాచుకోనా?"

గైడు అవతల బల్ల మీద వేణ్ణీళ్ళు తాగుతున్నాడు. ఏమైందని సైగ చేశాను. నవ్వాడు.

"షీటులో నా పని వేరే రాసుంది కదా" అన్నాడు.

హైదరాబాదు వచ్చాక బావగారు ఆ ఫోటో ముందు కూర్చున్న రాత్రుళ్ళు లెక్కలేవు. ఆకాశం రంగు దిద్దారు, మంచు మెరుపు పెంచారు. ఓ రోజు అక్కనీ నన్నూ పిలిచి కూర్చోబెట్టారు.

"ఇదిగో, ఎడమ అంచున ఈ నల్ల మొన చూడండి. మంచు లేదు, ఒట్టి రాయి. వెనకెక్కడో ఉన్న గుట్ట. తెల్లటి శిఖరం పక్కన దిష్టిపిడతలా నిలబడింది. కాంపోజిషనంతా పాడుచేస్తోంది."

బ్రష్షుతో రెండుసార్లు రాశారు. మొన మాయమై ఆ చోట నీలాకాశం వచ్చింది.

"దేవుడు పెట్టిన కొండని అలా తుడిచేస్తారేమిటండీ!" అంది అక్క, చెంపలు వేసుకుంటూ.

"దేవుడికి కాంపోజిషన్ తెలీదు."

ఆరడుగుల కాన్వాసు మీద ప్రింటు వేయించారు. కింద బంగారు రంగులో 'ఎవరెస్ట్ – 8,848.86 మీ.' అని రాయించారు. ఆ చివరి దశాంశాలు 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించినవనీ, అవి లేకపోతే అవమానమనీ ప్రింటింగువాడితో వాదించి మరీ వేయించారు. అపార్ట్‌మెంటు అసోసియేషనువాళ్ళకి ఆ బొమ్మ ఎంత నచ్చిందంటే, కొత్త సంవత్సరం క్యాలెండరు మీద అదే వేశారు. క్యాలెండరు ఆవిష్కరణ సభ, కమ్యూనిటీ హాల్లో కాన్వాసుకి పూలదండ, బావగారికి శాలువా.

బావగారు మైకు పట్టుకుని అరగంట మాట్లాడారు. లాంబ్టన్ వచ్చాడు, సిక్దర్ వచ్చాడు, కంటి జబ్బు కూడా వచ్చింది. అంతా చప్పట్లు కొట్టారు. అప్పుడే ఆయన ఫోను మోగింది. ఆ పొద్దునే ఫోటోని గైడుకి పంపి, ఖాట్మండు ఆఫీసులో గోడకి పెట్టుకోమని రాశారట. అతను వాయిస్ మెసేజి పంపాడు.

"మా గైడు! అక్కడివాడు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగాడు" అని సభకి చెప్పి ఫోను నా చేతికిచ్చారు. "మైకు దగ్గర పెట్టవోయ్ బామ్మర్దీ, అందరూ వింటారు."

పెట్టాను. హాలంతా ఆ మెత్తటి హిందీ గొంతు పరుచుకుంది.

"నమస్తే సార్. ఫోటో అద్భుతం. మా గోడ మీద తప్పకుండా పెట్టుకుంటాం. నుప్సే శిఖరాన్ని ఇంత అందంగా తీసినవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు. ఒక్కటే అనుమానం సార్. ఎడమ పక్కన, వెనకాల నల్లగా ఎవరెస్ట్ ఉండాలి కదా, అదెక్కడికి పోయింది?"