పోయినాయనే బంగారం

కార్డిఫ్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకుని పలకరించాలంటే ముందు ఆరోగ్యం అడగాలి, తరవాత పిల్ల చదువు అడగాలి. ‘డాక్టర్ హూ’ మాట మాత్రం ఎత్తకూడదు. మనం ఎత్తకపోతే ఆయనే ఎత్తుతాడనుకోండి. 2005 నుంచీ ఆ సీరియలు తీసేది కార్డిఫ్‌లోనే కావడం ఆయన దృష్టిలో యాదృచ్ఛికం కాదు.

పెదనాన్న ఇక్కడ, బ్రిటన్‌లో, ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగానికి చేరినప్పుడు అన్నయ్యకి ఐదేళ్లు. శనివారం సాయంత్రం బీబీసీలో పొడుగాటి మఫ్లరుతో టామ్ బేకర్ రావడం, ఈయన సోఫా వెనక నక్కి చూడడం, అక్కడ అంటుకుంది. 1963లో మొదలైన సీరియలది. దాని హీరో, డాక్టరు, చావబోతూ కొత్త మొహంతో లేస్తాడు కనక ఎన్నేళ్లయినా నడుస్తుంది. హీరో మారితే అన్నయ్యకి చింత లేదు. తెర వెనక పగ్గాలు పట్టే మనిషి మారితేనే ఇంట్లో మైల.

ఆయన లెక్కలో స్వర్ణయుగం ఫిలిప్ హించ్‌క్లిఫ్‌ది. పిల్లలు జడుసుకుంటున్నారని మేరీ వైట్‌హౌస్ అనే ఆవిడ గోల చేసింది, 1977లో హించ్‌క్లిఫ్ వెళ్లిపోయాడు. “జడుసుకోడానికే కదరా చూసేది!” 1980లో వచ్చిన జాన్ నేథన్-టర్నర్ డాక్టరు కాలరు మీద ప్రశ్నార్థకాలు కుట్టించాడు. ఆ కాలరు సంగతి అన్నయ్య నిన్న జరిగినట్టు చెబుతాడు.

1989లో ఆగిన సీరియలుకి 2005లో రస్సెల్ టి. డేవిస్ ప్రాణం పోశాడు. అన్నయ్య సంతోషించాడా? “గ్రహాంతరవాసులు పిత్తడమేమిట్రా?” (నిజంగానే పిత్తుతారు.) 2010లో స్టీవెన్ మాఫట్ రాగానే డేవిస్ దేవుడైపోయాడు. మాఫట్ కథల్లో డాక్టరు పెళ్లాం కాలంలో ఎదురు నడుస్తుంది. ఎవరికెవరు ముందు కనిపించారో తేల్చుకోడానికి అన్నయ్య తిరుపతి కేలండరు వెనక చార్టు గీశాడు. “చూడ్డానికి కూచున్నానా, పరీక్ష రాయడానికా?” 2018లో క్రిస్ చిబ్నల్ వచ్చాడు. అంతే, మాఫట్ మేధావి. కొత్త కోడలు గడప తొక్కాకే పాత కోడలి గుణాలు కనబడే అత్తగార్లుంటారే, అచ్చం ఆ జాతి.

చిబ్నల్ మీద కోపం మరీ ఎక్కువ. శనివారం సీరియల్ని ఆదివారానికి జరిపాడు. 2020లో డాక్టరు పుట్టుకే మార్చేశాడు. తమాషా ఏమిటంటే, ఈ చిబ్నలే 1986లో కుర్రాడిగా, అభిమానుల సంఘం తరఫున టీవీకెక్కి, ఆ ఏటి కథలు బాగాలేవని రచయితల మొహమ్మీదే చెప్పాడు. తన జాతివాడు సింహాసనం ఎక్కినందుకు అన్నయ్య మురిసిపోవాలి కదా! “తిట్టడం వచ్చినవాడికి రాయడం వస్తుందేమిట్రా?” అని కొట్టిపారేశాడు. అభిమాని మీద అభిమానికి అంత నమ్మకం.

చిబ్నల్ కాలంలో దేశవిభజన మీద వచ్చిన ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’ ఒక్కదానికి మార్కులు పడ్డాయి. ఆ వారమంతా ఆఫీసులో తెల్లవాళ్లకి పంజాబు చరిత్ర బోధించాడట. ఇండియాలో ఆయన చూసినవి తెనాలి, తిరుపతి.

మనిషి మాత్రం వెన్న. నేను ఈ దేశానికొచ్చిన కొత్తలో, చలికి ముడుచుకుపోతుంటే ఇంటికి పిలిచి, వేడివేడి పప్పుచారు పోసి ‘బ్లింక్’ అనే ఎపిసోడ్ చూపించాడు. అందులోని రాతి విగ్రహాల దెబ్బకి వారం రోజులు పార్కు దారిన వెళ్లలేదు నేను. రాసింది మాఫట్, వచ్చింది డేవిస్ హయాంలో. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో వెయ్యాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.

2023లో డేవిస్ తిరిగొచ్చాడు. అన్నయ్య స్వీట్లు పంచాడు. మరుసటేడు చీమిడితో తయారైన భూతం వచ్చింది. స్వీట్లు తిన్నవాళ్లం ఎవరమూ నోరెత్తలేదు.

మొన్న భోజనాల దగ్గర, “ఈసారి ఎవరొస్తే బాగుంటుంది అన్నయ్యా?” అని నేనే అడిగాను, బుద్ధిలేక.

“మాఫట్,” అన్నాడు తడుముకోకుండా.

“ఎవరొచ్చినా ఏముంది నాన్నా,” అంది పదిహేనేళ్ల కూతురు. “చిబ్నల్ రోజులే రోజులు.”

అన్నయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. వదినకేసి తిరిగి, “ఆదివారాలు దీన్ని టీవీ ముందు కూచోబెట్టిందెవరు?” అన్నాడు.

“మీరే. పెరుగు వెయ్యనా?”