పర్సెంటు బావ

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు పదిమంది చేరిన ప్రతిచోటా ఒక పర్సెంటు బావ ఉంటాడు. అసలు పేరు వీసా కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇండియా నుంచి దిగిన కుర్రాడికి సోషల్ సెక్యూరిటీ నంబరు కంటే ముందు అందేది ఈయన ఉపదేశమే. "చూడు తమ్ముడూ, కూర్చుని తింటే ఇరవై, బఫే అయితే పది, కౌంటర్లో తీసుకుని పోతే సున్నా. మొహమాటపడ్డావో, మునిగిపోతావ్."

ఉత్తుత్తి ఉపదేశం కాదు. టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలని ఫెడరల్ చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు; టెక్సాస్‌లో నేటికీ అదే. టిప్పులతో కలిపినా కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే తక్కువపడ్డది యజమాని పూడ్చాలి. ఎలా చూసినా వడ్డించే మనిషి జీతంలో పెద్ద ముక్క తినేవాళ్ల జేబులోంచే వస్తుంది. కాలిఫోర్నియాలో యజమానులకు ఈ వెసులుబాటు లేదు, పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. ఈ సంగతి తెలిసినవాడు కాబట్టి బావ శాన్ హోసే వెళ్లినప్పుడల్లా రెండు శాతం కోసేస్తాడు. "ఇక్కడ వీళ్లకు జీతాలున్నాయి" అంటాడు, అదేదో అన్యాయమైనట్టు.

అంతటి పండితుడి లెక్క మాత్రం పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. మేనేజర్‌తో లంచ్‌కి వెళ్తే పాతిక శాతం. పైగా రసీదు మీద అంకె పక్కవాడికి కనపడేలా పెద్దగా వేస్తాడు. స్నేహితులతో అయితే పద్దెనిమిది. బిర్యానీ హోటల్లో పది, "మనవాళ్లేగా, ఏమీ అనుకోరు" అని. పరాయివాడికి పాతిక, మనవాడికి పదీ ఎందుకని ఎవరూ అడగరు, అడిగితే ఆ పూట బిల్లు పంపకం మొదటికొస్తుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన సూత్రం వేరు: పన్నుకి రెట్టింపు. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం. అరవై నాలుగు డాలర్ల భోజనానికి పన్ను 5.28, రెట్టింపు చేస్తే 10.56. అంటే పదహారున్నర శాతం. అదే ఇరవై శాతం వేయాల్సి వచ్చిందా, పన్నుకి ముందు మొత్తం మీదా, తర్వాత మొత్తం మీదా అన్న చర్చ లేస్తుంది. తేడా ఒక డాలరు ఆరు సెంట్లు. దాని కోసం బావ పార్కింగ్ స్థలంలో ఇరవై నిమిషాలు వాదించగలడు.

ఆయన్ని ఓడించింది ఒక్క టాబ్లెట్టే. కౌంటర్లో మఫిన్ కొంటాడు. అమ్మాయి తెరను ఇటు తిప్పి, మర్యాదగా ఎటో చూస్తుంది. పద్దెనిమిది, ఇరవై, పాతిక. 'టిప్పు వద్దు' అన్నది అడుగున చిన్నక్షరాల్లో. కౌంటర్లో సున్నా అని ఊరందరికీ చెప్పినవాడి వెనక, వరసలో, ఆఫీసులో పక్క సీటు మనిషి నిలబడి ఉంటాడు. వేలు ఇరవై మీద పడుతుంది. ఆ మఫిన్‌ని ఆయనే అలమరలోంచి తీసుకున్నాడు.

ఇంకో గండం పుట్టినరోజు విందులు. ఆరుగురు దాటితే చాలా హోటళ్లు పద్దెనిమిది శాతం సర్వీసు తామే కలిపేస్తాయి. అది చూసుకోకుండా బావ ఒకసారి అందరి ముందూ దర్జాగా మరో ఇరవై వేశాడు. మర్నాడు రసీదు చూసి, ఆ రోజంతా ఎవరి ఫోనూ ఎత్తలేదు.

టోక్యో వెళ్లినప్పుడు బావ బల్ల మీద వదిలిన నోటు పట్టుకుని సర్వర్ వీధి చివరిదాకా వెంటపడి తిరిగిచ్చాడు. అక్కడ టిప్పు ఆనవాయితీ లేదు. పారిస్‌లో సర్వీసు ధరలోనే కలిసి ఉంటుందని తెలిశాక బావకు ఫ్రెంచివాళ్ల మీద గౌరవం పెరిగింది.

హైదరాబాద్ వచ్చినప్పుడు మాత్రం ఆయన వకీలే. జూబ్లీహిల్స్‌లో బిల్లు మీద సర్వీస్ ఛార్జి కనపడగానే కుర్చీ వెనక్కి జరుగుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే దాన్ని బలవంతంగా వేయకూడదంది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది, తెలుసా అని మేనేజర్‌ని నిలదీస్తాడు. మాట నిజమే, మేనేజర్ తీసేస్తాడు. అలా మిగిలిన నాలుగొందల్లోంచి సోంపు పళ్లెంలో ఇరవై రూపాయలు పడతాయి. పక్కన బావమరిది కూర్చుని ఉంటే యాభై.

ఈ వేసవిలో కాలేజీలో చేరిన కూతురు ఓ రెస్టారెంట్లో వడ్డించే పనికి కుదిరింది. మొదటి వారమే ఇంటికొచ్చి, మన దేశపు కుటుంబాలు లోపలికొస్తే ఆ బల్ల నీదంటే నీదని సర్వర్లు తోసుకుంటున్నారని చెప్పింది. బావ ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో ఇరవై రెండు శాతం ప్రకటించాడు. శనివారం భార్యతో వెళ్లి కూతురి బల్ల దగ్గరే కూర్చుని, నలభై శాతం వేసి, రసీదు ఆమెకే తిప్పి చూపించాడు.

"నాన్నా, ఇదంతా నాకు రాదు. బల్లలు తుడిచేవాళ్లకీ, బార్టెండర్‌కీ వాటా ఇవ్వాలి."

"బార్టెండర్‌కెందుకు?" అన్నాడు బావ, పెన్ను మళ్లీ తీస్తూ. "మనం తాగింది మంచినీళ్లేగా!"