ముందు బ్రేకు

సైకిల్ హ్యాండిల్‌కు కుడివైపు లీవరు, అక్కణ్ణుంచి దిగే వైరు, రిమ్‌ను అటూ ఇటూ పట్టే రెండు రబ్బర్లు. నేనంటే ఇంతే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే సముద్రపు రోడ్డు మీద, ఒక బ్యాంకు ఉద్యోగిని చేతికింద పనిచేస్తున్నాను.

రుషికొండ దాటాక పల్లంలో పడ్డాం. అప్పుడే చినుకులు పడి వెలిశాయి. కుక్క అడ్డం వచ్చింది. ఆమె నాలుగు వేళ్లతో నన్ను బిగించింది. తడి రిమ్ మీద రబ్బరు వెంటనే పట్టదు, ముందు నీళ్లు తుడవాలి. నేను పట్టడం లేదనుకుని ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. నీళ్లు పోయాయి, నా పట్టంతా ఒక్కసారే పడింది. వెనక చక్రం గాల్లోకి లేచింది, ఆమె హ్యాండిల్ మీంచి ముందుకు ఎగిరి పడింది.

కుడి కాలర్ ఎముక విరిగింది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ నలిగి చీలింది. తల దక్కింది. ఒకసారి నలిగిన థర్మోకోల్ ఇంకో దెబ్బను కాచుకోలేదు కాబట్టి ఆ హెల్మెట్ పారేశారు. ఫోర్కు మార్చి నన్ను బాల్కనీలో పెట్టారు.

"ఆ ముందు బ్రేకు పీకించెయ్యవే" అని వాళ్లమ్మ రోజూ పోరేది. మా జాతి మీద ఈ నింద పాతది. పెద్ద ముందు చక్రం మీద మనిషి కూర్చునే కాలంలో బ్రేకు వేస్తే తలకిందులవడం మామూలే. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చక్రాలు రెంటినీ దాదాపు సమానం చేసి, మనిషిని కిందికీ వెనక్కీ జరిపాక ఆ గండం చాలా తగ్గింది. అయినా మేమంటే భయం పోలేదు.

చేతిపట్టీ తీశాక ఆమె గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకెత్తే వ్యాయామం చేసేది. ఎంత ఎత్తుకు అందిందో పెన్సిలుతో గీత గీసుకునేది. భుజం పట్టేసినప్పుడు అక్కడే ఆగి, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి, మళ్లీ మొదలుపెట్టేది. ఒక సాయంత్రం వచ్చి నా లీవరు నొక్కి చూసింది. సగం దాకా కూడా రాలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది.

మళ్లీ రోడ్డెక్కాక నన్ను ముట్టుకోలేదు. అంతా వెనక బ్రేకే. నాకు నిజంగా భయమేసింది అప్పుడే. బ్రేకు వేస్తే బరువు ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికైపోయి జారుతుంది. బండి త్వరగా ఆగాలంటే నేను ఉండాలి.

నన్ను తీసెయ్యమని అడగడానికే సైకిల్ షాపుకు వెళ్లింది. షాపు పెద్దాయన చెప్పాడు: "తీసెయ్యమంటే తీసెత్తాను గాని తల్లీ, ఆగాల్సిన చోట బండి ఆగదు. రెండు వేళ్లతో మెల్లగా నొక్కడం నేర్చుకో."

ఖాళీ సందులో నేర్చుకుంది. నడుము వెనక్కి జరిపి, మెల్లగా మొదలుపెట్టి పట్టు పెంచుతూ. వేగం రెట్టింపైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి కాబట్టి, ఇప్పుడు పల్లం మొదలవకముందే వేగం తగ్గిస్తుంది. వాన పడితే అవసరం లేకపోయినా నన్ను తేలిగ్గా ఆనించి రిమ్ తుడిపిస్తుంది. వెనకవాళ్లు దాటిపోతే పోనిస్తుంది. ఆ రెండు వేళ్ల కింద పనిచేయడం నాకెంతో ఇష్టం.

నా ఎడమ రబ్బరు ఒక అంచునే అరుగుతోందని నిన్న ఆమే కనిపెట్టింది. ఆదివారం షాపుకు వెళ్లి జత మార్పిస్తానంది.