గీతాచార్యుడు

ఆన్‌లైన్ రేసింగ్ లీగ్ ఏదైనా సరే, అందులో ఒక గీతాచార్యుడు ఉండి తీరతాడు. మనకు తెలిసినాయన పగలు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రాత్రి బల్లకు బిగించిన స్టీరింగ్ ముందు కూర్చున్నాడంటే బ్రహ్మదేవుడు పిలిచినా పలకడు. యూరప్ లీగులో రాత్రి ఎనిమిదికి రేసంటే చలికాలంలో మనకు పన్నెండున్నర. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండగా ఈయన ఇటలీలోని మోంజాలో మొదటి మలుపు దగ్గర బ్రేకు తొక్కుతుంటాడు. వేళకు తొక్కితే మలుపు తిరుగుతాడు. లేకపోతే తిన్నగా పోయి అవతల తేలతాడు, అదీ ఇద్దరిని దాటేసి.

శాస్త్రం ఇక్కడే మొదలవుతుంది. ట్రాక్‌కి హద్దు తెల్లగీత. దాని అవతలున్న అంచుగట్టు, అంటే కెర్బ్, ట్రాక్ కాదు. నాలుగు చక్రాలూ గీత దాటితే తప్పు, ఒక్క టైరు అంచు గీతకు తగులుతున్నా ఒప్పు. ఇంత చిన్న సూత్రానికి ఆయన దగ్గర రెండు భాష్యాలున్నాయి. తాను దాటితే, "వెనకవాడు తోశాడు", "గుద్దుకోకుండా తప్పుకున్నాను", "లాభమేముంది, ఉల్టా టైమ్ పోయింది". ఎదుటివాడు దాటితే ఒకటే మాట, "పట్టపగలు దోపిడీ!"

ఆయన ఆడే ఐరేసింగ్ అనే ఆటలో హద్దు దాటిన ప్రతిసారీ ఒక ఇన్సిడెంట్ పాయింటు పడుతుంది. చాలా సిరీస్‌లలో అవి 17కి చేరితే శిక్ష. మనవాడు ఎప్పుడు చూసినా 16తో ముగిస్తాడు. అవి ఆయన లెక్కలో తప్పులు కావు, అలవెన్సు. ఏ మలుపులో ఎన్ని ఖర్చుపెట్టాలో ముందే రాసుకుంటాడు. ఆఖరి ల్యాపుకి రెండు మిగిలిపోతే, వాడుకోని సెలవులు మురిగిపోతున్నట్టు గిలగిలలాడి, అవసరం లేకపోయినా గీత దాటి వస్తాడు.

అయినా రేసు ఆయనకు టిఫినే, అసలు భోజనం ఆ తర్వాత. రీప్లే పెట్టి, ఆపి, హెలికాప్టర్ కెమెరాకి మార్చి, పిల్లాడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి మానిటర్ మీద ఆనిస్తాడు.

"ఏమండీ, మూడైంది. ఆ టీవీని కొలిచేదేంటి?"

"టీవీ కాదే, టైరు. వీడికీ గీతకీ మధ్య సందుంది చూడు!"

ఆవిడ చూడదు. చూడాల్సింది రేసు తీర్పరులు, స్టీవార్డులు. వాళ్లూ పగలు ఉద్యోగాలు చేసుకుని, రాత్రి ఉచితంగా తిట్లు తింటున్న అభాగ్యులు. వాళ్లకు చేరే ఫిర్యాదులో బాణం గుర్తుల ఫొటోలు, వీడియో ముక్కలు, చివర పూర్వపు తీర్పు ఉంటాయి. ఆ తీర్పు ఎప్పుడూ ఒక్కటే, ఫార్ములా వన్‌లో 2023 ఆస్ట్రియా గ్రాండ్ ప్రి. అక్కడ హద్దు దాటినట్టు వచ్చిన కేసులు 1,200 పైచిలుకు. రేసు అయ్యాక ఆస్టన్ మార్టిన్ జట్టు ఫిర్యాదు చేస్తే, కొన్ని గంటలకు ఎనిమిది మంది డ్రైవర్లకు కొత్తగా పెనాల్టీలు పడ్డాయి. వాళ్లలో సైన్జ్ నాలుగు నుంచి ఆరుకి జారాడు, ఆస్టన్ మార్టిన్ అలొన్సో ఆరు నుంచి అయిదుకి ఎక్కాడు. కుర్చీలోంచి లేవకుండా ఒక స్థానం! అంతకన్నా పవిత్రమైన ఓవర్‌టేక్ ఆయన ఎరుగడు.

మొన్న ఆయన ఇంటికి ఈ-చలాన్ వచ్చింది. సిగ్నల్ దగ్గర కారు స్టాప్ లైన్ దాటినట్టు ఫొటోతో సహా. స్కేలు జేబులో పెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరాడు.

"ముందు చక్రాలు రెండే దాటాయండీ. వెనకవి ఇవతలే ఉన్నాయి. నాలుగూ దాటితేగా తప్పు!"

"సార్, గీత దాటారా, లేదా?" అన్నాడు కానిస్టేబుల్.

"నియమం మీకు సరిగ్గా తెలిసినట్టు లేదు."

కానిస్టేబుల్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఈయనే డబ్బు కట్టేశాడు. కట్టి ఊరుకోలేదు. అదే ఫొటోలో పక్కనున్న ఆటో మూడు చక్రాలూ గీత అవతలే ఉన్నాయని బాణం గుర్తు వేసి, ఉన్న చక్రాలన్నీ దాటిన నేరం కింద విచారించమని అక్కడికక్కడే ఫిర్యాదు రాసిచ్చాడు.