నెట్ రాకపోతే: గృహస్థులకు తగు సూచనలు

బ్రౌజర్ తెరవగానే బూడిదరంగు డైనోసార్ ప్రత్యక్షమైతే కంగారు పడకండి. చేయాల్సిన మొదటి పని, దాని కింద రాసి ఉన్నది చదవకుండా ఉండటం. చదివారంటే రోగమేమిటో అక్కడికక్కడే తేలిపోయే ప్రమాదం ఉంది. స్పేస్ బార్ నొక్కండి, డైనోసార్ ముళ్ళచెట్ల మీంచి దూకుతూ పరుగెడుతుంది. క్రోమ్‌వాళ్ళు 2014లో ఈ ఆట పెట్టింది మనలాంటి ఓపికగలవాళ్ళ కోసమే.

అలిసిపోయాక ఇంట్లో విచారణ మొదలెట్టండి. "ఎవర్రా దీన్ని కెలికింది?" అని హాల్లోంచి ఒక్క కేక వేస్తే చాలు, నెట్ రాకపోయినా పిల్లలు పుస్తకాలు తీస్తారు.

రౌటర్ జోలికి మాత్రం పోవద్దు. టీవీ వెనకాల దుమ్ము పడకుండా గుడ్డ కప్పి పెట్టారు కదా, అలాగే ఉండనివ్వండి. గుడ్డ తీస్తే ఫైబర్ పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' అన్నచోట ఎర్రలైటు మిణుకుమంటూ కనిపించవచ్చు. తీగలోంచి రావలసిన కాంతి మీ ఇంటిదాకా రావట్లేదని దానర్థం. వీధిలో కొమ్మలు కొట్టినవాళ్ళో, కోతులో తీగ తెంపి ఉంటారు. కంపెనీకి ఫోన్ చేసి ఊరుకోవడం తప్ప మీరు చేయగలిగిందేమీ లేదు. ఆ సంగతి అంత తొందరగా తెలిసిపోతే ఇక సాయంత్రమంతా ఏం చేస్తారు?

తప్పు కంప్యూటర్‌దా, లైనుదా అని తేల్చుకోవాలనిపిస్తే ఫోన్‌లో చూడండి. మొబైల్ డేటా ఆపకుండానే చూడండి. బ్రహ్మాండంగా వస్తుంది. "లోపం కంప్యూటర్‌దే" అని తీర్పు చెప్పేసి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిట్టుకోవచ్చు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనల్లుడికి ఫోన్ కొట్టండి. వాడు బ్యాంకులకి ప్రోగ్రాములు రాసేవాడు. రౌటర్ గురించి మీకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు. ఆ మాట పైకి అనడు. "డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టి చూడండి మామయ్యా" అంటాడు. వెబ్‌సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టేది డీఎన్‌ఎస్, ఆ 8.8.8.8ని గూగుల్ 2009 నుంచి ఉచితంగా నడుపుతోంది. పేరు దొరక్కపోవడమే జబ్బయితే నిజంగా మంచి మందే. తీగ తెగినప్పుడు మాత్రం, ఊరికి రోడ్డే లేనప్పుడు కొత్త అడ్రసుల పుస్తకం కొన్నట్టు. అయినా పెట్టండి, లేకపోతే వాడు నొచ్చుకుంటాడు.

అన్నిటికంటే రసవత్తరమైనది "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అనే హెచ్చరిక. బ్యాంకు నుంచి రైలు టికెట్ల దాకా ఏది తెరిచినా అదే. ఎవడో హ్యాకరు దూరాడని నమ్మేయండి. యాంటీవైరస్ కొనండి. షాపుకు మోసుకెళ్ళి విండోస్ మళ్ళీ వేయించండి, పనిలో పనిగా పెళ్ళి ఫోటోలూ పోతాయి. తెర కింద కుడిమూల ఉన్న తేదీ వైపు మాత్రం చూపు పోనివ్వకండి. అక్కడ 2012 జనవరి అని ఉండొచ్చు. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్ 2032, ఒకటుంటుంది. ప్లగ్ తీసేసినా గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిందంటే కంప్యూటర్ ఏళ్ళ వెనక్కి పోతుంది. సైటు చూపించే సర్టిఫికెట్టు ఇంకా పుట్టనే లేదు కదా అని బ్రౌజర్ అనుమానపడుతుంది. పాపం, దాని లెక్క ప్రకారం అది నిజమే. బ్యాటరీ ధర కొన్ని పదుల రూపాయలు; అంత చవగ్గా పోయే జబ్బుని ఎవరు గౌరవిస్తారు?

"404" కనిపిస్తే కస్టమర్ కేర్‌తో పోట్లాడండి. మీ నెట్ ఆ సైటు దాకా వెళ్ళి, అడిగిన పేజీ లేదన్న జవాబు కూడా మోసుకొచ్చిందని వాళ్ళు ఎంత చెప్పినా ఒప్పుకోకండి.

ఇక ఒక్కొక్కటే మార్చి చూడటం చేతకానివాళ్ళ పద్ధతి. డీఎన్‌ఎస్ మార్చండి, యాంటీవైరస్ తీసేయండి, కేబుల్ ఊడబీకి వేరే రంధ్రంలో గుచ్చండి, రౌటర్‌ని పిన్నీసుతో పొడిచి రీసెట్ కొట్టండి, అన్నీ ఒకేసారి. రీసెట్‌తో కంపెనీవాళ్ళు పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి గనక, ఈలోగా వీధిలో తీగ అతికించి పక్కవాళ్ళందరికీ నెట్ వచ్చేసినా మీ ఇంట్లో మాత్రం రాదు.