అయిదు నుంచి ఎనిమిది దాకా

నేను క్యారమ్ బోర్డుని. ఉత్తర చెన్నైలోని వ్యాసార్పాడిలో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోక తప్పని సందులో, రేకుల కప్పున్న గది నా నివాసం. 29 అంగుళాల చదరం, చుట్టూ కర్ర చట్రం, నాలుగు మూలలా నాలుగు గుంటలు. నడిమి వలయం రంగు ఎప్పుడో వెలిసిపోయింది.

చెన్నైలో ఉండి ఈ తెలుగేమిటని అడుగుతారేమో. నన్ను కొన్న మాస్టర్ తెలుగువాడు. వాళ్ళ నాన్న నెల్లూరు వైపు నుంచి వచ్చి, పెరంబూరులో జనం బిన్నీ మిల్లు అని పిలిచే బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లులో పనిచేశాడు. 1996లో ఆ మిల్లు మూతపడింది. మాస్టర్ లేత్ పని నేర్చుకున్నాడు. చుట్టుపక్కల పారిశుద్ధ్య కార్మికుల ఇళ్ళలోనూ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. నా చుట్టూ చేరే పిల్లలు అరవంలో దెబ్బలాడుకుని తెలుగులో ఏడుస్తారు.

మాస్టర్ నన్ను కొత్తగా కొనలేదు. మూసేస్తున్న ఒక మనమగిళ్ మండ్రంలో, అదేనండీ వినోద సంఘంలో, గోడకి ఆనించి ఉంటే బేరమాడి తెచ్చాడు. తెచ్చిన సాయంత్రమే నాకొక నియమం పెట్టాడు. అయిదింటికి దించాలి, ఎనిమిదింటికి గోడకెక్కించి తాళం వెయ్యాలి. ఎనిమిది దాటితే నా మీద ఆట మారిపోతుందని అతనికి తెలుసు. బోర్డుకి పది రూపాయలు, ఆపైన యాభై, ఆపైన ఎవరో బయటికెళ్ళి సీసా తెస్తారు. పాత సంఘంలో అవన్నీ చూసినదాన్నే. 2018లో 'వడ చెన్నై' సినిమాలో ధనుష్ క్యారమ్ ఆడాక మా వైపు పిల్లల్లో కొత్త ఊపు వచ్చింది. ఆ సినిమాలో ఆట పక్కనే కత్తీ ఉంటుంది. అది అబద్ధమనను, కాకపోతే ఈ పేటలో ఎక్కువమంది దగ్గరుండేది ఆట ఒక్కటే.

ఇక్కడి వాళ్ళకి నేనంటే ఎందుకింత ప్రేమో చెప్పాలి. క్రికెట్‌కి మైదానం కావాలి, మాకు మైదానమెక్కడిది? నాకు కావలసింది నలుగురు కూర్చునే చోటు, ఒక దీపం, చిటికెడు బోరిక్ పౌడర్. అందుకే ఈ ఆట మద్రాసు పేటల్లో వేళ్ళూనింది. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో పుట్టింది ఈ ఊళ్ళోనే. రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచి, ఈ ఆటకి అర్జున అవార్డు తెచ్చిన మరియా ఇరుదయం ఈ ఊరివాడే. మా వ్యాసార్పాడి ఆడపిల్ల ఇళవళగి 2008లో ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో ప్రపంచ విజేత అయింది. ఇక 2024లో, మా పక్క పేట ఆటోడ్రైవర్ కూతురు ఖాజిమా అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పులో మూడు బంగారు పతకాలు కొట్టింది. ఆమెకి ఆట నేర్పింది వాళ్ళ నాన్నే. బస్తీ పిల్లల కోసం అతను క్యారమ్ శిక్షణ కేంద్రం నడిపేవాడు. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకి కోటి రూపాయలిచ్చింది. ఆ వారం మా గదిలో ఊపిరాడలేదంటే నమ్మండి.

ఆ వారమే ఒక పెద్దమనిషి వచ్చాడు. సాయం చేస్తాడట. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "మీ దగ్గర్నుంచి ఎంతమంది ఛాంపియన్లు వచ్చారు?" అని అడిగాడు. మాస్టర్ తల గోక్కుని, "జిల్లా స్థాయిలో ఒకరిద్దరు సార్" అన్నాడు. పెద్దమనిషి ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. నన్నడిగి ఉంటే వేరే లెక్క చెప్పేదాన్ని. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేని పిల్లలెందరు, ఆ పూటల్లో ఎక్కడ కూర్చున్నారు అన్నది నా లెక్క. గెలిచినవాళ్ళ పేర్లు గోడకెక్కుతాయి, ఓడినవాళ్ళ మోచేతులు నా చట్రాన్ని నున్నగా చేశాయి.

ఈ సాయంత్రాలు ఎవరివన్నదే అసలు తగవు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్ళు నిండని వాళ్ళని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బాగుంది. కానీ ప్రమాదం లేనిదైతే, ఇంటివాళ్ళు చేసుకునే పనిలో బడి అయ్యాకా, సెలవుల్లోనూ పిల్లలు సాయం చెయ్యవచ్చని ఒక సందు వదిలారు. సరిగ్గా నా వేళలే! సాయంత్రం అమ్మ టిఫిన్ బండి పెడితే పిండి రుబ్బించేది, గిన్నెలు కడిగేది ఎవరు? తప్పు ఆ తల్లిదని నేననను. పొద్దున ఆరుకే చీపురు పట్టిన మనిషికి సాయంత్రం రెండో పని లేకపోతే అద్దె కట్టలేదు. మాస్టర్ ఆ ఇళ్ళకి పోయి ఉపన్యాసాలివ్వడు. "అక్కా, ఆరున్నరకి పంపేస్తాలే, ఒక్క గంట ఇయ్యి" అని బేరమాడతాడు. లేత్ షెడ్డులో అంత మెత్తగా మాట్లాడతాడని నాకు నమ్మకం లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకో తిరకాసు. వీధిలో పరిగెడితే నలుగురూ చూస్తారు, నా దగ్గర కూర్చుంటే గుమ్మంలోంచి అమ్మకి కనిపిస్తారు. ఆ ఒక్క సౌకర్యం వల్లే చాలామంది వచ్చారు. ఈడేరాక చాలామంది మానేశారు కూడా. ఎడమచేతి వాటం పిల్ల ఒకతి ఉండేది. దాని కట్ షాట్ ఎదురుగా కూర్చున్నవాడికి అర్థమయ్యేలోపు బిళ్ళ గుంటలో ఉండేది. మూడు నెలలు కనిపించలేదు. ఒకరోజు నాయనమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. నాయనమ్మ గోడకానుకుని తమలపాకులు నములుతూ కూర్చుంది, మనవరాలు రెడ్ వేసి కవర్ చేసింది. "అంత చిన్న బిళ్ళకి అంత గొడవేంది?" అంది ముసలావిడ. మర్నాటి నుంచి ఆవిడే పాయింట్లు అడగడం మొదలెట్టింది.

చదువు నాకు పక్కవాటాదారు. కరోనాకి బళ్ళు మూతపడి పిల్లలు అక్షరాలు మరిచిపోయారని, 2021 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం 'ఇల్లం తేడి కల్వి' పెట్టింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి సాయంత్రం అయిదు, ఏడు గంటల మధ్య ఇంటి దగ్గరే పాఠం. చెప్పేది వాడలోనే ఉండే వాలంటీరు, ఎక్కువగా ఆడవాళ్ళే. నెలకి వెయ్యి రూపాయలు ఇచ్చేవారు. మా వీధి అక్క వేరే చోటు దొరక్క మా గదికే వచ్చింది. వేళలు ఢీకొన్నాయి. రెండు రోజులు మాస్టర్ మూతి ముడుచుకున్నాడు. ఆ తర్వాత అక్కే దారి కనిపెట్టింది. నన్ను తిరగేసి గోడకి ఆనించి, నా వీపు మీద సుద్దముక్కతో ఎక్కాలు రాసింది. అప్పటిదాకా నాకు వీపుందని ఎవరూ గుర్తించలేదు. పాఠం ఒక గంట, తర్వాత ఆట. తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి, రెడ్‌కి మూడు పాయింట్లు, ఇరవై అయిదుకి గేమ్. తీసివేతలు రాని పిల్లవాడు ఎదుటివాడికి ఇంకెన్ని పాయింట్లు కావాలో నోటిమీద చెప్పేస్తుంటే అక్క విస్తుపోయి చూసేది.

2015 డిసెంబరు వరదలో కెప్టెన్ కాటన్ కాలువ పొంగి నీళ్ళు గదిలోకి వచ్చాయి. నన్ను అటక మీదికి నెట్టారు, అయినా చెమ్మకి ప్లైవుడ్ ఉబ్బింది. మాస్టర్ సాండ్‌పేపర్ పట్టాడు. ఇప్పటికీ కుడివైపు గుంట దగ్గర బిళ్ళ కొంచెం వంకర పోతుంది. ఆ వంకర తెలిసినవాడు ఇక్కడ గెలుస్తాడు, బయట టోర్నమెంట్‌కి వెళ్ళి ఓడిపోతాడు. వానాకాలం ఇంకో బాధ. వెనకటి 100 వాట్ల బల్బు నా మీద వేలాడుతూ తేమని ఆర్చేసేది. కరెంటు ఆదా అని ఎల్‌ఈడీ పెట్టారు. వెలుగు బ్రహ్మాండం, వేడి సున్నా. పౌడర్ ముద్దకడుతుంది. ఆధునికత మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

వేసవి వేరే లోకం. పేపరులో సమ్మర్ క్యాంపు అంటే ఈత, గిటారు, రోబోలు. ఇక్కడ మే నెల అంటే రేకు కింద ఉడుకు, బడిలో మధ్యాహ్న భోజనం ఉండదు. ఇక్కడ సత్తుణవు అనే ఆ భోజనం వండేది బడి నడిచే రోజుల్లో కదా. 2022లో మొదలైన పొద్దుటి టిఫిన్ కూడా అంతే. కొంతమంది సెలవులకి గూడూరు, కావలి వైపు అమ్మమ్మల ఊళ్ళకి రైలెక్కుతారు. ఊరంటూ లేనివాళ్ళు పొద్దున ఏడింటికే తలుపు తడతారు. మొదటి వేసవిలో ఒకడు పదకొండింటికి ఆడుతూ ఆడుతూ నా మీదే తల వాల్చాడు. నిద్రనుకున్నారు, ఆకలి. అప్పటి నుంచి మేలో గదిలో కుండెడు రాగి అంబలి ఉంటుంది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. దానికి డబ్బు ఎవరిస్తారంటే ఒకసారి చేపలమ్మే ఆవిడ, ఒకసారి హార్బర్ కూలీలు, చాలాసార్లు మాస్టర్ ఓవర్‌టైమ్. అంబలికి రసీదు పుస్తకం లేదు. చేతులు తుడుచుకోకుండా స్ట్రైకర్ పట్టుకుంటే మాత్రం మాస్టర్ మొట్టికాయ వేస్తాడు.

నాకు భయమంటూ ఉంటే అది నీళ్ళంటే కాదు, లారీ అంటే. కాలువగట్టు ఇళ్ళు తీసేసినప్పుడల్లా కొన్ని కుటుంబాల్ని నగరానికి ఆ చివరన ఉన్న కన్నగి నగర్‌కో, పెరుంబాక్కానికో పంపేస్తారు. ఇల్లు పక్కాదే, కాదనను. కానీ పాతిక ముప్ఫై కిలోమీటర్లు. ఎనిమిదేళ్ళ పిల్ల సాయంత్రం ఒక గంట ఆటకి రెండు బస్సులు మారదు. మా దగ్గర బాగా ఆడే అన్నదమ్ములు అలాగే వెళ్ళిపోయారు. పెద్దవాడు ఒక ఆదివారం వచ్చాడు. అక్కడ కబడ్డీ బాగా ఆడతారట, తనకి రాదట. మాస్టర్ వాడికి నా పాత స్ట్రైకర్ ఇచ్చి, "అక్కడ బోర్డు పెట్టరా, నేనొచ్చి చూస్తా" అన్నాడు. ఒక ఆదివారం నిజంగానే వెళ్ళాడు. వచ్చాక ఏమీ చెప్పలేదు, పౌడర్ డబ్బా ఒకటి తగ్గింది.

మొన్న ఆ పెద్దమనిషి మళ్ళీ ఫోన్ చేశాడట. కొత్త టోర్నమెంట్ బోర్డు పంపుతున్నాడు, మందపాటి ప్లైవుడ్, స్టాండుతో సహా. దాని మీద జిల్లా పోటీలకి వెళ్ళేవాళ్ళే ఆడాలని షరతు. మాస్టర్ ఒప్పుకున్నాడు, వచ్చినదాన్ని కాదంటాడా? ఎడమచేతి పిల్లకి అది కావాలి కూడా. ఇక నాకు మిగిలేది రెండో తరగతి, మూడో తరగతి వాళ్ళు. వేలు మడవడం రాదు, రెడ్‌ని ముందే కొట్టేసి కవర్ అంటే ఏమిటని అడుగుతారు, నలుగురు కూర్చోవలసిన చోట ఆరుగురు కూర్చుంటారు. నిన్న ఒకడు బిళ్ళని గుంటలోకి చేత్తో తోసేసి నా వైపు చూశాడు. నేను చెప్పలేదు.